రాజ్యం చామంతిని చూసొచ్చాం

పూయని మొక్కను చూడటానికి ఎవరైనా ప్రయాణం కడతారా అని మావారు అడిగారు. మేము కట్టాం. సెప్టెంబరు చివరి వారంలో అల్ఫారెట్టా నుంచి బెంటన్‌విల్‌కు, నడుమ మూడు రాష్ట్రాలు దాటుకుంటూ కార్లో వెళ్ళొచ్చాం. ఈ దేశంలో ఆకుల రంగులు చూడాలనుకునేవాళ్ళు అక్టోబరులో ఉత్తరానికి వెళతారు. మేము వెళ్ళింది పడమటికి, అదీ ఓ నెల ముందు. ఎర్రబడ్డ కొండల వర్ణన కోసం ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడే ఆపేయవచ్చు. మేము వెళ్ళేసరికి కొండలు పచ్చగానే ఉన్నాయి. రంగు తిరిగినవి రోడ్డు పక్క పొదలు, గుమ్మాల ముందరి కుండీలు మాత్రమే.

నాకు మొక్కల పిచ్చి లేదు. పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏడవని ప్రాణులతో నాకు పరిచయం తక్కువ. పిచ్చి ఉన్నది మా రాజ్యలక్ష్మికి. రాజ్యం, నేనూ ఈ దేశం వచ్చిన కొత్తలో ఒకే ఆస్పత్రిలో చేరాం, తను లాబ్‌లో, నేను వార్డులో. ఆ తర్వాత తను ఎన్ని ఊళ్ళు మారినా చామంతి పిలకలు తడిగుడ్డలో చుట్టుకుని వెంట తీసుకుపోయేది. పసుపుపచ్చని చిట్టి చామంతి, మన ఇళ్ళల్లో ఉండేదే. అది ఇంత దూరం ఎలా వచ్చిందని అడిగితే, "డాలస్‌లో ఎవరో ఇచ్చార్లే" అని మాట దాటేసేది. తన చివరి మజిలీ బెంటన్‌విల్, కూతురు నీహారిక దగ్గర. నిరుడు థాంక్స్‌గివింగ్ వెళ్ళిన వారంలో రాజ్యం పోయింది.

ఈ సెప్టెంబరులో నీహారిక ఫోన్ చేసింది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, బెంటన్‌విల్‌లోనే ఉద్యోగం, పెళ్ళి చేసుకోలేదు.

"ఆంటీ, అమ్మ చామంతి బడ్స్ వేయట్లేదు. ఎవ్రీ ఇయర్ ఈ టైమ్‌కి వచ్చేస్తాయి. ఆకులు మాత్రం చాలా ఉన్నాయి. నవంబర్‌లో అమ్మ సంవత్సరీకం కదా. ఫొటోకి ఆ పువ్వులే పెట్టాలి, స్టోర్‌వి పెట్టను. మీరు వచ్చి చూస్తారా?"

"నేను పిల్లల డాక్టర్నమ్మా, చామంతి డాక్టర్ని కాదు."

"అమ్మకి మీరే కదా ఫ్రెండ్. నేను ఇంకెవరిని అడగాలి?"

ఆ శనివారమే బయల్దేరాం.

అలబామా: ఉడకేసిన కాయలు

పులిహోర డబ్బా లేనిదే మావారు కారు కదలనివ్వరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వంతెనలు కట్టిన మనిషి, ఇంట్లో వాటి గురించి ఎప్పుడూ మాట్లాడరు గాని, పులిహోరలో ఇంగువ తగ్గితే గంటసేపు మాట్లాడతారు.

పెద్దరోడ్డు విసుగుపుట్టి చిన్నరోడ్డు ఎక్కితే, ఒక పెట్రోల్ బంకు దాటాక ఓ ముసలాయన ట్రక్కు వెనక తలుపు దించి, గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నెలో వేరుసెనక్కాయలు ఉడకేస్తున్నాడు. మామూలువా, కారంవా అని అడిగాడు. రెండూ అన్నారు మావారు. సంచి ఐదు డాలర్లు. తొక్కలోకి ఉప్పునీళ్ళు ఎక్కి, నొక్కితే నోట్లోకి చిమ్మాయి. మనవాళ్ళు కాయలో ఉప్పు చాలదంటారు, ఇక్కడ ఉప్పులోనే కాయ ఉంది. బాగున్నాయి.

ఆయన ట్రక్కు వెనక ఖాళీ స్థలంలో వరసగా ఎర్రటి పూలు నిలబడి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. నున్నని కాడ, చివర సాలీడు కాళ్ళలాంటి రేకులు. నాటింది ఆయనేనా అని అడిగాను.

"నేను కాదు," అన్నాడు. "అక్కడ ఒకప్పుడు ఇల్లుండేది. ఆ వరస వాళ్ళ గుమ్మానికి వెళ్ళే దారి. ఇల్లు పోయింది, మనుషులూ పోయారు. సెప్టెంబరు రాగానే ఇవి మాత్రం వచ్చేస్తాయి."

ఎవరి ఇల్లని అడిగితే తెలియదన్నాడు. నేను ఫొటో తీసుకున్నాను. పూలు వచ్చాయి గాని, దారి పడలేదు.

కాస్త ముందుకెళ్ళాక పులిహోర తినడానికి చెట్ల కింద ఆగాం. ఒక చెట్టు మొదలుకు తీగ అల్లుకుని ఉంది. చెట్టు పచ్చన, తీగ నిప్పు ఎరుపు. ఆ దారిలో మేము చూసిన ఆకుల్లో అంత ఎరుపు ఇంకోటి లేదు. మావారికి చేతులు దురద పుట్టాయి, ఆ తర్వాత నిజంగానే పుట్టాయి గాని, ఆ సంగతి ముందుముందు వస్తుంది.

"చూడు, మూడేసి ఆకులు. అచ్చం మారేడు దళం. ఒట్టి చేతుల్తో వెళ్తామా ఆ పిల్ల దగ్గరికి? మామిడాకులు ఎలాగూ దొరకవు, గుమ్మానికి వీటితో తోరణం కడతాను," అని సంచినిండా కోశారు. మారేడు దళం అనేసరికి నేనూ కాదనలేదు. ఏడాది తిరగని ఇంటికి తోరణమేమిటన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఆకుల్ని భద్రంగా వెనక సీట్లో పెట్టి, ఒకటి అద్దం ముందు పెట్టుకున్నారు.

మిసిసిపి: నల్లగుడ్డలు

మర్నాడు పొద్దున్నే రోడ్డు పక్క ఒక నర్సరీ కనిపించింది. దూరం నుంచి చూస్తే ఎవరో రంగుల చీరలు ఆరేసినట్టుంది. దగ్గరికి వెళితే అన్నీ చామంతి కుండీలే, ఇటుకరంగువి, వంగపండు రంగువి, తెల్లవి, పసుపువి. పక్కన కోడిజుట్టు పూలు, నీలంరంగు ఆస్టర్లు, ఆకుల్లోనే ఎరుపూ పసుపూ కలిసిన క్రోటన్లు. ఒక పొదకు కొమ్మ పొడుగునా ఊదారంగు పండ్లు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. ఆ రంగు నేను ఇదివరకు పిల్లల దగ్గుమందులో తప్ప చూడలేదు.

నర్సరీ యజమానురాలు డార్లా, నా వయసే ఉంటుంది, బూట్లనిండా మట్టి. జనం ఒక్కొక్కరు నాలుగేసి కుండీలు కొని గుమ్మడికాయల పక్కన పెట్టుకుంటారట. పూలు వాడాక ఏం చేస్తారని అడిగాను.

"పారేస్తారు," అంది. "బతికించుకోవచ్చు. కాని ఎవరికీ ఓపిక లేదు. వాళ్ళకు ఓపికుంటే నాకు వ్యాపారం ఉండదు."

మన దగ్గర చామంతి పూసిందంటే తలలోకో, దేవుడికో, లేకపోతే పక్కింటివాళ్ళకో పోతుంది. మొక్కకు పిలకలు తీసి ఇంకో మడి చేస్తారు. ఇక్కడ పువ్వును ఎవరూ కొయ్యరు, మొక్క మొత్తాన్ని పారేస్తారు. ఏది దయో నాకు తేలలేదు.

ఆవిడ షెడ్డు పక్కన నల్లటి మందపు గుడ్డలు పెద్ద పెద్ద చుట్టలుగా ఉన్నాయి. ఎండకా, వానకా అని అడిగాను.

"వెలుగుకి," అంది డార్లా. "వేసవిలో పొద్దు ఎంతకీ పోదు కదా. ఎండ ఉండగానే ఇవి కప్పేస్తాం. రాత్రి పొడుగైందని నమ్మితేగాని ఇది మొగ్గ తొడగదు. లేకపోతే ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది."

"పసిపిల్లల్ని నిద్రపుచ్చినట్టు," అన్నారు మావారు. ఆవిడ నవ్వింది.

రాజ్యం చామంతి సంగతి చెప్పాను. ఎరువెక్కువైందేమో, ఎండ తక్కువైందేమో, ఆలస్యంగా కొసలు తుంచారేమో అని తలో కారణం చెప్పి, ఎక్కడుందో చూడందే చెప్పలేనంది. నేనొక పసుపు చామంతి కుండీ కొన్నాను. డబ్బులిస్తుంటే, "మీరు దీన్ని పారేయరనుకుంటా," అంది. ఆ మాట నమ్మి ఒక డాలర్ తగ్గించింది.

ఆర్కన్సా: మనుషుల్లేని వరిచేలు

మెంఫిస్ దగ్గర నది దాటాక నేల ఒక్కసారిగా చదునైపోయింది. కాసేపటికి మావారు కారు నెమ్మది చేశారు. రెండు పక్కలా వరి. పండి, వంగి, కోతకొచ్చిన వరి. ఆయనది గోదావరి డెల్టా, వరి కనిపిస్తే దిగకుండా ఉండలేరు. దిగారు. గట్టు మీద నిలబడి ఒక కంకి తెంపి, గింజ ఒలిచి నమిలారు.

"పాలు పోసుకుని గట్టిపడింది. ఇంకో నాలుగు రోజుల్లో కోసేస్తారు," అన్నారు.

"ఎవరు కోస్తారు?" అన్నాను. కనుచూపు మేరలో మనిషి లేడు. చాలా దూరంలో ఒక కోతయంత్రం ధూళి రేపుకుంటూ పోతోంది. దాని డ్రైవరు మమ్మల్ని చూసి చెయ్యెత్తాడు. మావారూ ఎత్తారు. ఆ పెద్ద పొలానికంతా ఆ పలకరింపు ఒక్కటే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో మొక్కజొన్న పిండి పూసి వేయించిన చేప, పంచదార పాకం లాంటి టీ. వడ్డించే అమ్మాయి నా జడలో, పొద్దున కుండీలోంచి తుంచి పెట్టుకున్న చామంతి చూసి నిజం పువ్వేనా అని అడిగింది. ముట్టుకోమన్నాను. వేలి కొసతో ముట్టుకుని, వాసన బాగుంది, ఇది గుమ్మం ముందు పెట్టేది కదా అంది. ఇంకోటి ఉంటే ఇద్దామని బ్యాగులో వెతికాను, లేదు.

ఆ తర్వాత కొండలు. ముందే చెప్పినట్టు పచ్చగానే ఉన్నాయి. రోడ్డు అంచున పొడుగాటి పసుపు పూల పొదలు, అక్కడక్కడ ముదురు ఎరుపు తిరిగిన చిన్న చెట్లు. మావారు అప్పటికే మణికట్టు గోక్కుంటున్నారు.

బెంటన్‌విల్: స్తంభం నీడ

నీహారిక వీధిలో ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు, చామంతి కుండీలు, ఎండిన మొక్కజొన్న చొప్ప. తన గుమ్మం ముందు మాత్రం పచ్చటి పొద, నడుమెత్తు. మేము చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది, ఇంకా ఎండగానే ఉంది. వరండాలో బల్బు వెలుగుతోంది. ఆపడం మర్చిపోయిందనుకున్నాను.

నీహారిక వచ్చి నన్ను కావలించుకుంది. తర్వాత మావారి చేతిలో సంచి చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అంకుల్, అది కింద పెట్టండి. ప్లీజ్, టచ్ చేయకండి. అది పాయిజన్ ఐవీ."

"మారేడు దళంలా ఉందని..."

"మూడు ఆకులు ఉంటే ముట్టుకోకూడదు అని సెకండ్ గ్రేడ్‌లోనే చెప్తారు అంకుల్."

మన పిల్లలకు మూడాకులు కనిపిస్తే దేవుడికి పెట్టమంటాం, ఇక్కడి పిల్లలకు పారిపొమ్మంటారు. అప్పటికే ఆయన చేతులు మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. ఉద్యోగంలో ఆ దద్దుర్లు లెక్కలేనన్నిసార్లు చూశాను, మందు రాశాను. ఆ ఆకును చూడటం మాత్రం అదే మొదలు. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి లోషన్ పూశాను. తోరణం ప్రసక్తి మళ్ళీ రాలేదు.

టీ తాగి మొక్క దగ్గరికి వెళ్ళాం. ఆరోగ్యం చూస్తే ఈర్ష్య పుట్టేలా ఉంది. పురుగు లేదు, తెగులు లేదు, చివుళ్ళ మీద చివుళ్ళు. నీహారిక ఎరువు మార్చింది, మన్ను మార్చింది, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగి మజ్జిగ నీళ్ళు పోసింది, ఉల్లితొక్కల నీళ్ళు పోసింది.

"ఐ డిడ్ ఎవ్రీథింగ్ ఆంటీ. అమ్మ ఉన్నప్పుడు ఏమీ చేయకుండానే వచ్చేవి. నా మీద కోపమా అనిపిస్తుంది."

"చామంతికి కోపం రాదు," అన్నాను. ఇంత దూరం వచ్చి ఒట్టి చేతుల్తో పోతానేమోనని దిగులేసింది.

పొద్దు వాలాక ఒక్కదాన్నే మెట్ల మీద కూర్చున్నాను. చీకటి పడేకొద్దీ వరండా బల్బు వెలుగు పొద మీద పడి తెల్లగా కనిపించసాగింది. ఒక మూల మాత్రం చీకటిగానే ఉంది. వరండా స్తంభం నీడ అక్కడ పడుతోంది. ఊరికే చెయ్యి పోనిచ్చి ఆ మూల కొమ్మలు తడిమాను. వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. ఫోన్ వెలుగులో చూశాను. మిరియపు గింజలంత మొగ్గలు. స్తంభం నీడ ఎంతవరకు ఉందో అంతవరకే ఉన్నాయి. వెలుగు పడే చోట ఒక్కటీ లేదు. డార్లా నల్లగుడ్డలు గుర్తొచ్చాయి.

నీహారికను పిలిచి మొగ్గలు చూపించాను. ముట్టుకుని చూసింది, తన ముఖం విప్పారింది.

"ఈ లైటు రాత్రంతా ఉంటుందా?" అని అడిగాను.

"ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

తను బల్బు వైపు చూసింది. మావారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను నర్సరీలో విన్నది చెప్పాను. ఈ మొక్కకు రాత్రి రావడం లేదనీ, ఇంకా ఎండాకాలమే అనుకుంటోందనీ చెప్పాను. ఇప్పుడు చీకటి ఇస్తే నవంబరు చివరికి పూయవచ్చు. లైటు ఆపేస్తే సరిపోతుందన్నాను.

"ఆపలేను ఆంటీ," అంది నీహారిక.

మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

"నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా అమ్మ ఈ లైట్ ఉంచేది. నేను లోపలికి వచ్చాక, 'అందరం వచ్చేశాం' అని ఆఫ్ చేసేది. ఇద్దరమే. అయినా అందరం అనేది. హాస్పిటల్‌కి వెళ్ళిన రోజు కూడా అమ్మే ఆన్ చేసింది, నేను కార్ తీస్తుంటే. నేను ఒక్కదాన్నే వెనక్కి వచ్చాను. అందరం రాలేదు కదా ఆంటీ. ఎలా ఆపాలి?"

నాకు ఏడుపొచ్చింది. రాజ్యం పోయినప్పుడు ఫోన్లో విన్నాను, పద్ధతిగా మాట్లాడాను, ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాను.

మావారు మెట్టు దిగి వచ్చారు. "లైటు ఆపక్కర్లేదమ్మా. ఆ నర్సరీ ఆవిడ చేసినట్టే చేద్దాం. రోజూ సాయంత్రం ఏదైనా ముదురు గుడ్డ కప్పు, పొద్దున తీసేయి. నీ లైటు నీకుంటుంది, దాని చీకటి దానికుంటుంది."

ఇది ఇంజనీరు మాట. తప్పు పట్టడానికి లేదు. నీహారిక గబగబా లోపలికి వెళ్ళి రాజ్యం శాలువా తెచ్చింది, చలికాలం తను కప్పుకునే నేరేడురంగుది. ముగ్గురం కలిసి పొద మీద కప్పాం. కొసలు నేలకు జారాయి. నీహారిక వాటిని మొక్క కిందికి దోపింది, చుట్టూ తిరిగి సర్దింది. తర్వాత దూరం జరిగి చూసింది. చాలాసేపు చూసింది.

"వద్దు ఆంటీ," అంది. "అమ్మని కప్పినట్టు ఉంది."

శాలువా తీసి మడిచి భుజాన వేసుకుంది. గుమ్మం లోపల స్విచ్ దగ్గర నిలబడింది. మా ఇద్దరినీ లోపలికి రమ్మంది. వచ్చాం. తలుపు వేసింది.

"అందరం వచ్చేశాం," అని లైటు ఆపింది.

మళ్ళీ అల్ఫారెట్టా

తిరుగు దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మావారు చేతులకు లోషన్ పూసుకుని పక్క సీట్లో కూర్చున్నారు, నేనే డ్రైవ్ చేశాను. వరి కోసేశారు. అలబామాలో ముసలాయన లేడు, ఎర్ర పూలు వాడిపోయి కాడలు మిగిలాయి.

అక్టోబరు నడిమికి నీహారిక మొగ్గల ఫొటో పంపింది, పొద అంతటా. నవంబరులో అక్కడ మంచు పడింది, పై కొమ్మలు మాడాయి. కింది కొమ్మలు పూశాయి. సంవత్సరీకం రోజు రాజ్యం ఫొటో ముందు పళ్ళెంలో గుప్పెడు పసుపు చామంతులు ఉన్నాయి, కొన్ని సగమే విచ్చుకున్నాయి. దండకు చాలలేదట. దండ కట్టడం తనకు రాదు కాబట్టి ఇదే మంచిదంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇల్లు చేరగానే నాకు ఒక మెసేజ్ పెడుతుంది: "వచ్చేశాను ఆంటీ. లైట్ ఆపేశాను." నేను "సరే" అని పెడతాను. అంతకు మించి మాట్లాడుకునేది ఆదివారాలే.

మొన్న మావారు కిటికీలోంచి చూసి, "మన వరండా లైటు ఇంకా ఎందుకు వెలుగుతోంది? నీ మిసిసిపి చామంతి దాని కిందే ఉంది. వచ్చే ఏడు అదీ పూయదు," అన్నారు.

బెంటన్‌విల్ టైము మాకన్నా గంట వెనక. ఆ పిల్ల మెసేజ్ ఇంకా రాలేదు, ఆ రోజు ఆఫీసులో ఆలస్యమైనట్టుంది.

"ఉండండి," అన్నాను. "ఇంకా అందరూ రాలేదు."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళి, కుండీని ఎత్తి స్తంభం వెనక్కి జరిపి వచ్చారు.